కేటీ ఇచ్చి వెళ్ళారు, పని మాత్రం ఎవరికీ రాలేదు: ఆఫీసులో, బడిలో తెలిసిన పనిని నలుగురికి చేర్చడం ఎలా

బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేసే ఏ తెలుగువాణ్ణి అడిగినా కేటీ అంటే ఏమిటో చెబుతాడు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అనే పూర్తి పేరు ఎవరూ వాడరు. ఒక మనిషి రాజీనామా చేశాక ఆఖరి రెండు వారాల్లో స్క్రీన్ షేర్ చేసి గబగబా మాట్లాడటం, వినేవాళ్ళు మ్యూట్‌లో పెట్టుకుని తమ పని తాము చేసుకోవడం, చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అంటే ఎవరూ నోరు మెదపకపోవడం, దీన్నే మేం కేటీ అంటాం. పదిహేడేళ్ళలో ఇలాంటివి చాలా ఇచ్చాను, చాలా తీసుకున్నాను. పనికొచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఒకటి మాత్రం మర్చిపోలేను. అప్పట్లో నేను పనిచేసిన చోట మా టీమ్‌లో ఒకాయన నెలాఖరు బిల్లింగ్‌ని పదకొండేళ్ళు ఒక్కడే చూశాడు. వెళ్ళేటప్పుడు 42 పేజీల డాక్యుమెంట్ రాసి, ఆరు గంటల రికార్డింగ్ కూడా ఇచ్చాడు. మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. రెండు నెలలు బాగానే గడిచింది. మూడో నెల ఆఖరి రోజు రాత్రి రెండింటికి బిల్లింగ్ మధ్యలో ఆగిపోయింది. డాక్యుమెంట్ తీశాం. ‘ఎర్రర్ వస్తే మళ్ళీ రన్ చేయాలి’ అని ఉంది. చేశాం. తెల్లారేసరికి కొన్ని వందల మందికి ఒకే బిల్లు రెండుసార్లు వెళ్ళింది. సిగ్గు విడిచి ఆయనకే ఫోన్ చేశాను.

‘మళ్ళీ రన్ చేసే ముందు పంపాల్సిన బిల్లుల ఫైలు సైజు చూశారా? చిన్నగా ఉంటే సగం బిల్లులు అప్పటికే వెళ్ళిపోయినట్టు. నేను ప్రతిసారీ చూస్తాను కదా’ అన్నాడు.

ఆ ముక్క 42 పేజీల్లో ఎక్కడా లేదు. ఆయనేమీ దాచలేదు. ఆయన లెక్కలో అది ఒక పనే కాదు, పొట్టి గుమ్మం దాటేటప్పుడు తల వంచినట్టు అలవాటుగా చేసేది. మా ఇంటి దగ్గర దర్శినిలో, అంటే నిలబడి తినే టిఫిన్ హోటల్లో, దోసె మాస్టరూ అంతే. పెనం మీద నీళ్ళు చల్లి, చీపురుతో ఒక్క తుడుపు తుడిచి పిండి వేస్తాడు. పెనం ఎంత వేడెక్కాలి అని అడిగితే ‘గొత్తాగుత్తె సార్’ అంటాడు. తెలిసిపోతుందట. ఆ నీళ్ళు చేసే చప్పుడు విని తెలుసుకుంటున్నాడని, పక్కన పది నిమిషాలు నిలబడ్డాక నాకే అర్థమైంది.

అందుకే నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఒకటే: తెలిసినవాడి చేతికి పెన్ను ఇవ్వను. ఆయన పని చేస్తాడు, అడిగితే చెబుతాడు. రాసేది తెలియనివాడు. ఇది ఎలా నడపాలో వరసగా చెబుతాను. బడికి కొన్ని తేడాలున్నాయి, అవి విడిగా.

ముందు ఫోన్లు లెక్కపెట్టండి

‘మన సంస్థలో ఎవరికి ఏం తెలుసు’ అని పెద్ద పట్టిక వేయడం మొదలుపెట్టకండి. మూడు నెలలు పడుతుంది, చివరికి అది ఎవరూ తెరవని ఎక్సెల్ అవుతుంది. అంతకంటే సులువైన దారి ఉంది. సంక్రాంతి సెలవుల్లో సగం బెంగళూరు ఖాళీ అవుతుంది కదా. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్ళలో ఎవరికి ఆఫీసు నుంచి ఫోన్లు వచ్చాయి? ఎన్ని? దేని గురించి? సెలవుల నుంచి వచ్చిన మొదటి రోజే టీమ్‌లో ఒక్కొక్కరినీ అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ జాబితా.

మా టీమ్‌లో మొదటిసారి ఇలా అడిగినప్పుడు పదమూడు మందిలో ఇద్దరికే ఇరవై పైచిలుకు ఫోన్లు వెళ్ళాయని తేలింది. ఆ ఇద్దరిలో ఒకరు ఎవరూ పట్టించుకోని జూనియర్. ఫోన్ చేసింది ఎక్కువగా మేనేజర్లే.

ఆ కాగితంలోంచి ఒకే ఒక్క పనిని ఎంచుకోండి. ఎక్కువ ఫోన్లు వచ్చినదాన్ని కాదు, తప్పు జరిగితే ఎక్కువ నష్టం కలిగించేదాన్ని. నెలకొకటి చొప్పున చేస్తే ఏడాదికి పన్నెండు అవుతాయి, అది చాలా ఎక్కువే.

ఎలా చేస్తారు అని అడగొద్దు

‘ఈ పని ఎలా చేస్తారు?’ అని అడిగితే ఎవరైనా పుస్తకంలో ఉన్నదే చెబుతారు. ఫైలు సైజు సంగతి ఆ ప్రశ్నకి బయటికి రాదు. చెడిన రోజు గురించి అడగాలి.

గ్యారీ క్లైన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో అగ్నిమాపక దళాల అధికారుల దగ్గర కూర్చుని, వాళ్ళు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశీలించాడు. ఎలా నిర్ణయిస్తారు అంటే చెప్పలేకపోయారు. ఫలానా మంట దగ్గర ఏం జరిగింది అని ఒక్కొక్క ఘటననే తవ్వితే అన్నీ బయటికొచ్చాయి. ఒక అధికారి తన సిబ్బందితో ఒక ఇంట్లోకి వెళ్ళి వంటగదిలో మంట ఆర్పుతున్నాడు. ఎంత నీళ్ళు కొట్టినా తగ్గలేదు. ఉన్నట్టుండి అందరినీ బయటికి పొమ్మని అరిచాడు. వాళ్ళు బయటపడిన వెంటనే నేల కూలిపోయింది. అసలు మంట కింద బేస్‌మెంట్‌లో ఉంది. ఆయన మాత్రం తనకేదో అతీంద్రియ శక్తి ఉందనుకున్నాడు. క్లైన్ ఓపికగా అడిగితే తేలింది: ఆ గది వంటగది మంటకి ఉండాల్సిన దానికంటే ఎక్కువ వేడిగా ఉంది, ఉండాల్సిన చప్పుడు లేదు. తనకి తెలిసిన మంటతో ఇది పొసగలేదు, అంతే.

మీ ఆఫీసులో మంటలు అంత పెద్దవి కాకపోయినా ప్రశ్నలు అవే. నేను అడిగేవి ఇవి:

‘చివరిసారి ఇది ఎప్పుడు చెడింది అన్నా? అప్పుడు మొదట ఏం చూశావు?’

‘అంతా బాగానే ఉందని నీకు ఎలా తెలుస్తుంది?’

‘నేను రేపు ఒక్కణ్ణే చేస్తే ఎక్కడ తప్పు చేస్తాను?’

‘డాక్యుమెంట్‌లో ఉన్నదాన్ని పక్కన పెట్టి నీ సొంత పద్ధతిలో ఎప్పుడు చేస్తావు?’

‘నీకే అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేస్తావు?’

ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఒక్కోసారి అదే అన్నింటికంటే విలువైనది. బ్యాంకులో ఫలానా కౌంటర్ మేడమ్, క్లయింట్ దగ్గర రాత్రి షిఫ్ట్‌లో ఉండే ఫలానా సార్, ఇలాంటి పేర్లు ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండవు. మనిషి వెళ్ళిపోతే ఆ పరిచయాలూ వెళ్ళిపోతాయి. వీలైతే వెళ్ళే మనిషి చేతే కొత్తవాణ్ణి వాళ్ళకి పరిచయం చేయించండి.

ఒక్కో కూర్చోవడం నలభై నిమిషాలకి మించనివ్వకండి. మీటింగ్ రూమ్ బుక్ చేస్తే మనుషులు బిగుసుకుపోతారు. ఆ పని జరిగే కుర్చీ పక్కనే, పని జరుగుతుండగా అడగాలి. రికార్డింగ్ చేయాలని అందరికీ సరదా ఉంటుంది. ఆరు గంటల రికార్డింగ్‌ని తర్వాత ఎవరైనా చూడగా నేను చూడలేదు. చేస్తే ఒక్కో ఇబ్బందికి నాలుగైదు నిమిషాల ముక్క చేయండి.

చేతులు కట్టుకుని కూర్చోబెట్టండి

సర్వీసు కంపెనీల్లో దీనికి పేర్లున్నాయి: మొదట షాడో, తర్వాత రివర్స్ షాడో. షాడోలో కొత్తవాడు పాతవాడి పక్కన కూర్చుని చూస్తాడు. రివర్స్ షాడోలో కీబోర్డు కొత్తవాడిది, పాతవాడు చూస్తాడు. చాలాచోట్ల మొదటిది జరుగుతుంది, రెండోదానికి టైమ్ ఉండదు, ప్లాన్‌లో మాత్రం టిక్కు పడుతుంది. ఏదో ఒకటి తగ్గించక తప్పదంటే మొదటిదాన్నే తగ్గించండి.

రివర్స్ షాడోలో ఒకటే నియమం. పాతవాడు మౌస్ ముట్టుకోకూడదు. పైనుంచి చూస్తూ ‘ఊఁ’, ‘ఆగు’ అనొచ్చు. ఆగు అన్న ప్రతిచోటా కొత్తవాడు ఎందుకని అడిగి రాసుకోవాలి. ఆ ‘ఆగు’లన్నీ కలిపితేనే అసలు డాక్యుమెంట్. మొదటి రోజు ఇద్దరికీ చిరాకుగా ఉంటుంది. పాతవాడికైతే పక్క సీట్లో కూర్చుని కారు నేర్పుతున్నంత టెన్షన్.

పక్కన కూర్చుని చేస్తేనే తెలిసే సంగతులుంటాయి అనడానికి జపాన్‌లో జరిగిన ఒకటి చెబుతాను. 1985 ప్రాంతంలో మత్సుషిత ఎలక్ట్రిక్ కంపెనీ ఇంట్లో బ్రెడ్ చేసే యంత్రం తయారు చేయబోయింది. పైన మాడిపోతోంది, లోపల పచ్చిగా ఉంటోంది. పిండిని ఎక్స్‌రేలు తీసి కూడా చూశారు, లాభం లేకపోయింది. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లో బ్రెడ్ చేసే పెద్దాయన దగ్గర శిష్యరికానికి చేరింది. ఆయన పిండిని సాగదీసేటప్పుడు ఒక మెలి తిప్పుతున్నాడని గమనించింది. ఇంజినీర్లు ఆ మెలి వచ్చేలా యంత్రం లోపల చిన్న గట్లు పెట్టారు. 1987లో సరుకు బజార్లోకి వచ్చి బాగా అమ్ముడుపోయింది. ఆ బేకర్ని రెసిపీ రాసిమ్మంటే మెలి సంగతి అందులో ఉండేదని నేననుకోను.

నోటీస్ పీరియడ్ ఉంటే ఇలా పంచుకోండి

రాజీనామా దాకా ఆగకపోవడమే మంచిది గానీ, చాలామందికి ఈ అవసరం అప్పుడే గుర్తొస్తుంది. మన కంపెనీల్లో నోటీస్ అరవై రోజులో తొంభై రోజులో ఉంటుంది. అంత టైమ్ ఉండి కూడా ఆఖరి పది రోజుల దాకా కేటీ మొదలవదు, ఎందుకంటే ఆ మనిషి చేత పాత పనే చేయిస్తుంటారు.

అరవై రోజులుంటే మొదటి వారంలో ఫోన్ల కాగితం, ప్రశ్నలు. తర్వాతి రెండు వారాలు షాడో. ఆపై నాలుగు వారాలు రివర్స్ షాడో. అందులో ఒక నెలాఖరు తప్పకుండా పడాలి, ఎందుకంటే నెలాఖరు పని నెల మధ్యలో నేర్పితే రాదు. మిగిలిన రోజుల్లో ఆ మనిషిని వేరే ఫ్లోర్‌లో కూర్చోబెట్టండి. ఉన్నాడు, కానీ లేడు. కొత్తవాడు ఎన్నిసార్లు మెట్లెక్కి వెళ్ళాడో చూస్తే మీకే తెలుస్తుంది.

నోట్ ఒక పేజీ దాటకూడదు

మా బిల్లింగ్ దెబ్బ తర్వాత కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె రాసిన నోట్ ఇలా ఉంటుంది, కొద్దిగా మార్చి ఇస్తున్నాను.

పేరు: నెలాఖరు బిల్లింగ్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి?
మొదట చూడాల్సింది: పంపాల్సిన బిల్లుల ఫైలు సైజు. పోయిన నెల సైజుతో పోల్చాలి.
చేయకూడనిది: సైజు చూడకుండా మళ్ళీ రన్ చేయకూడదు.
ఎందుకు: ఒకసారి చేశాం, ఒకే బిల్లు రెండుసార్లు వెళ్ళింది.
ఈ నోట్ ఎప్పుడు పనికిరాదు: ఏప్రిల్‌లో. కొత్త ఆర్థిక సంవత్సరం మొదటి నెల ఫైలు చిన్నదిగానే ఉంటుంది.
చివరిసారి దీన్ని చూసి పనిచేసింది ఎవరు, ఏ తేదీన: (ఇక్కడ పేరు, తేదీ)

పేరు ప్రశ్నలా ఉందని గమనించారా? రాత్రి రెండింటికి వెతికే మనిషి ‘బిల్లింగ్ మాడ్యూల్ ఆపరేషనల్ గైడ్ వెర్షన్ 3’ అని వెతకడు. తన ఇబ్బందిని టైప్ చేస్తాడు. ఇక ‘ఎందుకు’ అనే వరస లేకపోతే ఆర్నెల్లలో ఎవరో ఒకరు ఆ జాగ్రత్తని అనవసరమని తీసేస్తారు. ఆఖరి వరసలోని తేదీ రెండేళ్ళ కిందటిదైతే ఆ నోట్‌ని నమ్మాలో వద్దో చదివేవాడే నిర్ణయించుకుంటాడు.

ఎక్కడ పెట్టాలి అనే చర్చకి ఆఫీసుల్లో నెలలు పోతాయి. ఒకే చోట పెట్టండి, వెతికితే దొరకాలి, చదివినవాడు తప్పు కనిపిస్తే అక్కడికక్కడే దిద్దగలగాలి. ఈ మూడూ ఉంటే ఏదైనా సరే. మూడో సంగతి కోసమే వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా ప్రోగ్రామర్ 1995లో మొదటి వికీని, అంటే చదివేవాళ్ళే దిద్దగలిగే వెబ్‌సైట్‌ని, పెట్టాడు; వికీ అంటే హవాయి భాషలో ‘త్వరగా’ అని, హొనొలులు విమానాశ్రయం బస్సు పేరు నుంచి తీసుకున్నాడు. అనుమతి అడిగి, అప్రూవల్ కోసం మూడు రోజులు ఆగితే ఎవరూ దిద్దరు. వాట్సాప్ గ్రూప్ మాత్రం ఈ పనికి పనికిరాదు. ‘పైన పంపా చూడు’ అంటారు, ఆ పైన అంటే గుడ్ మార్నింగ్ బొమ్మలకీ పుట్టినరోజు కేకులకీ పైన.

చెప్పనివాళ్ళతో ఎలా?

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే పద్ధతులన్నీ తెలిసినా పని ఆగిపోయేది ఇక్కడే. ‘నాకు తెలిసింది చెప్పేస్తే నా విలువేముంది?’ అనుకునేవాళ్ళు ప్రతి టీమ్‌లో ఉంటారు. వాళ్ళని స్వార్థపరులని కొట్టిపారేయడం తేలిక. నేనూ ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. కేటీ ఇచ్చిన ఆరు వారాలకి బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా ఖాళీగా, కూర్చోబెట్టిన చోట ఉన్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ఎవరికీ ఏదీ పూర్తిగా చెప్పలేదు, ఒప్పుకుంటున్నాను.

కాబట్టి మీరు మేనేజర్ అయితే, పాత పని తీసుకునే ముందు కొత్త పని ఏమిటో ఆ మనిషికి చెప్పండి. తేదీతో సహా. ‘జులై నుంచి నువ్వు డిజైన్ చూస్తావు, అందుకే బిల్లింగ్ ఆ అమ్మాయికి నేర్పు’ అంటే నేర్పుతాడు. ‘రిస్క్ తగ్గించుకోవాలి’ అంటే తానే ఆ రిస్క్ అని అర్థం చేసుకుంటాడు. తప్పు ఆయనది కాదు.

ఇంకో దారి పాయింట్లు ఇవ్వడం. ఇందులో జాగ్రత్త. మన ఎలక్ట్రానిక్ సిటీలోని ఇన్ఫోసిస్ 2000 ప్రాంతంలో కేషాప్ అని లోపల ఒక పోర్టల్ పెట్టి, రాసినవాళ్ళకీ పరిశీలించినవాళ్ళకీ నాలెడ్జ్ కరెన్సీ యూనిట్లు ఇచ్చింది. వాటిని బహుమతులుగా మార్చుకోవచ్చు. వ్యాసాలు వరదలా వచ్చాయి. పరిశీలించేవాళ్ళకి ఊపిరాడలేదు, నాణ్యత మీద అనుమానాలు వచ్చాయి. తర్వాత ఆ పద్ధతిని మార్చుకుని, వాడినవాళ్ళు ఏమన్నారు అనేదానికి ఎక్కువ బరువు ఇచ్చారు. మేనేజ్‌మెంట్ పరిశోధకులు దీన్ని బాగా చదివారు. తప్పుని గుర్తించి దిద్దుకోవడమే అందులో నాకు నచ్చింది.

జెరాక్స్ కంపెనీ కథ ఇంకోలా నడిచింది. జూలియన్ ఓర్ అనే ఆంత్రోపాలజిస్టు కాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి, వాళ్ళు మాన్యువల్ కంటే ఎక్కువగా టిఫిన్ల దగ్గరా కాఫీల దగ్గరా చెప్పుకునే కథల వల్లే పని నేర్చుకుంటున్నారని చూపించాడు. ఆ ఆలోచన మీదే 1990లలో యురేకా అనే చిట్కాల వ్యవస్థ ఫ్రాన్స్‌లో మొదలైంది. ఒక టెక్నీషియన్ రాసిన చిట్కాని తోటి టెక్నీషియన్లే పరీక్షించి ఒప్పుకుంటారు, కింద రాసినవాడి పేరు ఉంటుంది. డబ్బు కంటే ఆ పేరే ఎక్కువ పనిచేసింది. కాబట్టి ‘ఎన్ని రాశావు’ అని లెక్కించకండి. ‘నీ నోట్ చూసి నిన్న రాత్రి పని అయింది’ అని వాడుకున్నవాడి చేత నలుగురిలో చెప్పించండి.

మనవాళ్ళ అలవాటు ఒకటి కూడా చెప్పాలి. బెంగళూరు ఆఫీసుల్లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే అసలు సంగతి టీ దగ్గర తెలుగులో మాట్లాడేసుకుంటాం. మీటింగ్‌లో ఇంగ్లిష్‌లో పైపైన చెబుతాం. పక్కన ఉన్న కన్నడ అబ్బాయికో, ఒడిశా అమ్మాయికో ఆ సగం ఎప్పటికీ అందదు, వాళ్ళు అడగలేరు కూడా. అలాగని తెలుగు మానేయాలని నేననను. మాతృభాషలో అడిగితేనే మనిషి మనసు విప్పి చెబుతాడు. తెలుగులో మాట్లాడుకున్నదాన్ని ఆ సాయంత్రమే నోట్‌లో అందరికీ తెలిసిన భాషలో రాసేయండి.

బడిలో అయితే

మా ఆవిడ కేఆర్ పురం వైపు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. అక్కడ పద్నాలుగేళ్ళుగా టైమ్‌టేబుల్ వేసిన ఫిజిక్స్ సార్ రిటైరయ్యారు. కొత్తగా వేసిన టైమ్‌టేబుల్ మొదటి వారంలోనే పడిపోయింది. రెండు సెక్షన్లు ఒకే గంటకి ల్యాబ్ ముందు నిలబడ్డాయి. సెకండ్ లాంగ్వేజ్ పీరియడ్లు ఒక్కో సెక్షన్‌కి ఒక్కో టైమ్‌లో పడ్డాయి. కన్నడ, హిందీ, సంస్కృతం పిల్లలు అన్ని సెక్షన్ల నుంచీ విడిపోయి వేరే గదుల్లో కూర్చోవాలి కాబట్టి ఆ పీరియడ్లన్నీ ఒకే గంటకి రావాలి. ఇది ఎక్కడా రాసి లేదు. సార్ పాత టైమ్‌టేబుళ్ళన్నీ పద్ధతిగా ఫైల్ చేసి ఇచ్చారు. ఉన్నది ఫలితం, లేనివి కారణాలు.

హెచ్ఎం మేడమ్ ఆయన్ని మళ్ళీ పిలిపించి, మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఖాళీ చార్ట్ ఇచ్చి మళ్ళీ వేయమన్నారు. ఆయన ఒక్కో గడి నింపుతుంటే ఈవిడ ‘ఇక్కడే ఎందుకు సార్?’ అని అడిగి రాసింది. పందొమ్మిది కారణాలు తేలాయి. సంగీతం మేడమ్ మంగళ, గురువారాలే వస్తారు. చిన్న క్లాసులకి భోజనం కాగానే పీటీ పెడితే వాంతులు చేసుకుంటారు. ఇద్దరు టీచర్లకి ఫలానా గంటకి స్కూల్ బస్సు డ్యూటీ. ఇప్పుడు టైమ్‌టేబుల్ ఎవరు వేసినా ఆ పందొమ్మిదీ ముందు పెట్టుకుంటారు.

క్లాసులో చెప్పే విద్య సంగతి వేరు. టీచర్లు లెసన్ ప్లాన్ పుస్తకాలు రాస్తూనే ఉంటారు, అవి ఎక్కువగా ఇన్‌స్పెక్షన్ కోసం. వాటి బదులు స్టాఫ్ రూమ్‌లో ఒక తప్పుల పుస్తకం పెట్టి చూడండి. పాఠం వారీగా, పిల్లలు మళ్ళీ మళ్ళీ చేసే తప్పు ఎడమ పక్కన, దాన్ని దిద్దిన ఉదాహరణ కుడి పక్కన. ఐదో క్లాసులో 0.35 పెద్దదా 0.5 పెద్దదా అంటే చాలామంది 0.35 అంటారు, 35 పెద్దది కదా అని. దానికి మా ఆవిడ డబ్బులతో చెబుతుంది: 35 పైసలా, 50 పైసలా? ఆమె పక్క సెక్షన్ టీచర్ పైసలు చూడని పిల్లలకి అది పనిచేయట్లేదని, స్కేలు మీద సెంటీమీటర్లు చూపిస్తుంది. రెండూ పుస్తకంలోకి ఎక్కాయి. కొత్తగా వచ్చిన టీచరమ్మకి బీఈడీలో ఇది ఎవరూ చెప్పరు.

దీని తర్వాత మెట్టు, జపాన్ బడుల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ముగ్గురు నలుగురు టీచర్లు కలిసి ఒక్క పాఠాన్ని తయారు చేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు వెనక కూర్చుని టీచర్ని కాకుండా పిల్లల్ని చూస్తారు. తర్వాత పాఠాన్ని దిద్ది వేరే సెక్షన్‌లో మరొకరు చెబుతారు. టర్మ్‌కి ఒకటి చాలు. చూడటానికి వచ్చినవాళ్ళు మార్కులు వేయబోరని హెచ్ఎం ముందే చెప్పాలి, లేకపోతే ఎవరూ తలుపు తీయరు.

మన దేశంలో టీచర్లు ఇలా కూడి నేర్చుకోవడం కొత్తేమీ కాదు. మధ్యప్రదేశ్‌లో 1972లో 16 బడులతో మొదలైన హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమంలో టీచర్లు నెలనెలా కలుసుకుని, క్లాసులో ఏ ప్రయోగం కుదిరింది, ఏది కుదరలేదు అని మాట్లాడుకునేవాళ్ళు. అది 2002 దాకా నడిచింది. కర్ణాటకలో ప్రభుత్వ హైస్కూల్ టీచర్లు తమ పాఠ్య సామగ్రిని తామే కన్నడలో రాసి పంచుకునే వికీ ఉంది. దాని వెనక బెంగళూరు సంస్థ ఐటీ ఫర్ చేంజ్ ఉంది. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన దీక్ష పోర్టల్‌లోనూ టీచర్లకి బోలెడు సరుకుంది. అయినా పక్క గదిలో టీచర్ ఏం చేస్తోందో తెలియకుండా పోర్టల్ నుంచి వీడియో దించుకుంటే ఉపయోగం సగమే.

ఏదైనా జరిగిన రోజే పావుగంట

రిలీజ్, ఆడిట్, స్పోర్ట్స్ డే, అడ్మిషన్లు, ఏదైనా సరే ముగిసిన రోజే పావుగంట నిలబడి మాట్లాడుకోండి. అమెరికా సైన్యం 1970ల నుంచి శిక్షణలో వాడుతున్న నాలుగు ప్రశ్నలు సరిపోతాయి: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం మారుద్దాం. అందరికంటే చిన్నవాడు ముందు మాట్లాడాలి. సార్ ముందు మాట్లాడితే మిగతావాళ్ళు ‘అదే సార్’ అంటారు. సోమవారం చేద్దాంలే అనుకుంటే అప్పటికి ఎవరికి వాళ్ళకి తమ తప్పు లేని కథ ఒకటి తయారై ఉంటుంది.

రాయకూడనివి, తీసేయాల్సినవి

పాస్‌వర్డులు నోట్‌లో పెట్టకండి. వాటికి వేరే ఏర్పాటు ఉండాలి. క్లయింట్ డేటా కనిపించే స్క్రీన్‌షాట్లు పెట్టకండి. బడి తప్పుల పుస్తకంలో పిల్లల పేర్లు అసలే వద్దు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలు కంప్యూటర్‌లో వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం సంగతి అటుంచినా, తమ పిల్లాడి తప్పు స్టాఫ్ రూమ్‌లో చదువుకుంటున్నారని తెలిస్తే ఏ అమ్మానాన్నలకైనా బాధే.

మూడు నెలలకోసారి, తేదీ పాతబడిన నోట్లని తీసి చూడండి. ఎవరూ వాడనివి వేరే ఫోల్డర్‌లోకి తోసేయండి, తప్పని తేలినవి చెరిపేయండి. ఈ పని కొత్తగా చేరినవాళ్ళకి ఇస్తాం మేం. చేరిన మొదటి నెలలో వాళ్ళకి ఏ నోట్ అర్థం కాలేదో, అదే బాగుచేయాల్సిన నోట్. ఆ చూపు రెండు నెలలు ఉంటుంది, తర్వాత వాళ్ళూ మనలాగే అలవాటు పడిపోతారు.

ఇక మొదటి కాగితాన్ని పారేయకండి. మళ్ళీ సంక్రాంతి తర్వాత అదే ప్రశ్న అడిగి పక్కన రాసుకోవాలి. ఈ ఏడాది మా టీమ్‌లో కాకినాడ వెళ్ళినాయనకి ఆఫీసు నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి ఏప్రిల్ నోట్ గురించి. రెండోది వచ్చేటప్పుడు కాజాలు తెమ్మని.